ఖర్జూరపు తోటలో ఒడిబియ్యం

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. బడిపంతులు ఉద్యోగం, దానికి తోడు పుట్టుకతో వచ్చిన చిరాకు. సెలవుల్లో కూడా ఇంట్లో ఎవరో ఒకరికి పాఠం చెబుతూ ఉంటాననీ, చెప్పకపోతే తిడుతూ ఉంటాననీ మా ఆవిడ ఫిర్యాదు. అలాంటి నన్ను మా బావ నాలుగేళ్ళ కిందట బహ్రెయిన్‌లో ఒక ఖర్జూరపు తోటలోకి తీసుకుపోయి, ప్లాస్టిక్ పడకకుర్చీలో పడుకోబెట్టి, మూడు రోజులు లేవనివ్వలేదు. ఆ మూడు రోజుల్లో నా జన్మకు సరిపడా సుఖపడ్డాను. నా జన్మకు సరిపడా తిట్లు కూడా తిన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ తిట్లే ఎక్కువ తీపిగా ఉన్నాయి.

మా అక్క బహ్రెయిన్‌లోనే, సల్మానియాలో పెద్దాసుపత్రిలో నర్సు. ఇల్లు ఆసుపత్రికి నడిచిపోయేంత దూరంలోనే. బావ అంతకు ముందు నుంచే అక్కడ ఉన్నాడు. అక్కకు ఉద్యోగం రాకముందు పన్నెండేళ్ళు గుదైబియాలో ఒక గదిలో నలుగురు మగవాళ్ళతో కలిసి బతికాడు. తర్వాత అక్క నాలుగేళ్ళ పాపను చంకనేసుకుని వెళ్ళింది. వెళ్ళేముందు మా అమ్మ ఆమెకు ఒడిబియ్యం పోసి పంపింది.

ఒడిబియ్యం అంటే మా తెలంగాణలో పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు చేసే మర్యాద. మూడేళ్ళకో ఐదేళ్ళకో ఒకసారి పిలిచి, కూర్చోబెట్టి, చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఆమె ఒడిలో పోస్తారు. ఆమె ఆ బియ్యం తీసుకుపోయి వండి తనవాళ్ళందరికీ పెడుతుంది. తల్లిదండ్రులు పోతే అన్నదమ్ములు పోయాలి. పోయకపోతే ఎవరూ పోలీసు కేసు పెట్టరు. కానీ ఆ ఆడపిల్లకు పుట్టిల్లు లేనట్టే లెక్క.

అమ్మ పోయి ఏడాది దాటాక అక్క నలభై రోజుల సెలవు మీద వచ్చింది. నాన్న అంతకు ముందే పోయాడు, కాబట్టి పోయాల్సింది నేను. ఆ ఎండాకాలం నేను ఇల్లు కట్టిస్తున్నాను. అక్క వాళ్ళ అత్తగారి ఊళ్ళో దిగింది, మాకు గంట ప్రయాణం. ఆదివారం రమ్మన్నాను, ఆదివారం సిమెంటు లారీ వచ్చింది. బుధవారం అన్నాను, బుధవారం స్లాబు మేస్త్రీ వచ్చాడు. నెలరోజులుగా మొహం చూపని మేస్త్రీ సరిగ్గా ఆ రోజే వచ్చాడు. అలా వాయిదాలు వేస్తూ వేస్తూ ఉంటే అక్క విమానం రోజే వచ్చేసింది. పరుగున హైదరాబాదు పోయి, ఎయిర్‌పోర్టులో ఆమె చేతిలో మైసూర్‌పాకు డబ్బా పెట్టాను. ఆమె తీసుకుంది. ఏమీ అనలేదు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది, మా అక్క ఏమీ అనలేదంటే ఏదో ముంచుకొచ్చిందని.

అంతకుముందు ఫోన్ చేస్తే "ఏమ్రా, ఏం జేస్తున్నవ్రా" అని మొదలుపెట్టి అరగంట నా బుర్ర తినేది. ఆ తర్వాత ఏడేళ్ళు, "అందరు మంచిగున్నరా? సరే, ఉంట" అంతే. నాకూ పౌరుషం. నేనూ సరే ఉంటానన్నాను. ఆమె ఇటు రాలేదు, నేను అటు పోలేదు. ఏడేళ్ళు ఇట్టే గడిచిపోయాయి.

చివరికి బావే ఫోన్ చేశాడు. "ఒక్కసారచ్చి పోవోయ్. మీ అక్క నోటితోని అనది గని, నీ పేరు తీస్తే చాలు, చెవులు ఇటే ఉంటయి" అన్నాడు. మా ఆవిడ అప్పటికప్పుడు తేల్చి చెప్పింది. "పోతె ఒడిబియ్యం పట్టుకోనే పోవాలె. ఉత్తచేతులతోని నేను రాను, నా మొహం చెల్లది."

ఊళ్ళో అందరూ "దుబాయి పోతున్నవట గద సారూ" అని అడిగేవారు. బహ్రెయిన్ అని సరిదిద్దితే "అదే, దుబాయే" అనేవారు. మా పొలంలో పండిన బియ్యం ఐదు సేర్లు చెరిగి, రాళ్ళు ఏరి, పసుపూ నెయ్యీ పట్టించి, తెల్లటి గుడ్డసంచిలో కుట్టింది మా ఆవిడ. ఎండుకొబ్బరి కుడుకలు, ఎండు ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, చీర వేరే పెట్టెలో సర్దింది. ఖర్జూరపు చెట్ల దేశానికి మా ఊరి కిరాణా కొట్టు ఖర్జూరాలు మోసుకుపోయిన ఘనుణ్ణి నేనే.

ముహర్రక్‌లో విమానం దిగి బయటికి వస్తే అక్క నిలబడి ఉంది. జుట్టు కొంచెం నెరిసింది. మా ఆవిణ్ణి కావిలించుకుంది, మా పాపను ఎత్తుకోబోయి నడుం పట్టుకుని నవ్వింది. నన్ను చూసి "మంచిగచ్చినవా" అంది. అంతే. దారి పొడుగునా కారులో మా ఆవిడతోనే మాట్లాడింది.

బియ్యం సంగతి నేను అక్కకే కాదు, బావకూ చెప్పలేదు. భయం. ‘ఇన్నేండ్లకు యాదికచ్చిందా, నాకద్దు పో’ అంటే? ఒకసారి ఆమె వద్దని నోరు జారితే మళ్ళీ వెనక్కి తీసుకునే మనిషి కాదు. కాబట్టి సమయం చూసి, మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, హఠాత్తుగా పీట వేసి కూర్చోబెట్టాలని నా పథకం. సంచిని మంచం కింద దాచాను. ఆ సమయం ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని నాలుగు రోజులు గడిపాను. మా ఆవిడ నన్ను చూసి పళ్ళు కొరికింది.

ఇంతలో వరసగా మూడు రోజులు సెలవులు వచ్చాయి. అక్కడివాళ్ళు చలికాలంలో ఊరవతల తోటలు అద్దెకు తీసుకుని సంసారాలతో సహా వెళ్ళి పడుకుంటారట. బావ ఇన్నేళ్ళలో ఒక్కసారీ అలా వెళ్ళలేదు. "మీ కోసమని తీసుకున్న. మూడు రోజులు ఎవ్వరు ఏ పని జెయ్యద్దు" అని ప్రకటించాడు. నేను బియ్యం సంచిని వంటసామాన్ల అట్టపెట్టెలో అడుగున పెట్టి, తోటలో వంటగది గట్టు కిందికి తోశాను. పక్కనే కోల్డ్ స్టోర్‌లో కొన్న బాస్మతి బస్తా. అక్కడ చిల్లర కొట్టును కోల్డ్ స్టోర్ అంటారు. చీర, కుడుకలు ఉన్న పెట్టె మా బట్టల సామానుతో వచ్చింది. శుక్రవారం పొద్దున పోసేద్దామని ఈసారి గట్టిగా అనుకున్నాను.

ఆ తోట ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. చుట్టూ మట్టిరంగు గోడ. ఖర్జూరపు చెట్ల కింద నిమ్మచెట్లు, వాటి కింద ఎవరో పెంచుకుంటున్న కొత్తిమీర మడి. మోటారు వేస్తే నీళ్ళు సన్నటి కాలువలో పారి మొదళ్ళలోకి పోయేవి. మధ్యలో నీలంరంగు పలకల ఈతతొట్టి. మా మేనకోడలికి పద్నాలుగేళ్ళు, మా పాపకు తొమ్మిది. ఆ ఇద్దరూ దిగిన గంటకే పెదవులు నల్లబడ్డాయి, అయినా బయటికి రారు. బావ మొట్టమొదటిసారి నిక్కరు వేసుకుని వచ్చాడు. అక్క చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చివరికి ఆపుకోలేక పడీపడీ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం అక్క కాలువ గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. నేను కాస్త దూరంగా కూర్చున్నాను, లేచాను, మోటారు చూసి వచ్చాను, మళ్ళీ కూర్చున్నాను. "వీనికి కూసునుడు చాతగాదు. చిన్నప్పటి సంది గంతే" అంది అక్క, మా ఆవిడతో. నాతో కాదు, కానీ నా గురించి. నాకు అదే పండగ. ఇప్పుడే లోపలికి పోయి సంచి తెద్దామా అనిపించింది. పొద్దుపోయింది, పొద్దున మంచిది, అనుకున్నాను. నా బతుకంతా ఈ పొద్దునలతోనే తెల్లారింది.

శుక్రవారం పొద్దున భాయ్ వచ్చాడు. గుదైబియాలో బావతో పన్నెండేళ్ళు ఒకే గదిలో ఉన్న హైదరాబాదీ. అప్పుడూ ఇప్పుడూ వ్యాన్ డ్రైవరే. ఆ గదిలో నలుగురికీ వంట చేసింది ఆయనే. ఆ రోజు కూడా మాంసం, మసాలాలు, పెద్ద దేగ్చా వేసుకుని దిగాడు. వంటగదిలోకి ఎవరినీ రానివ్వనన్నాడు. అక్క కూడా "సరే భాయ్, నీ ఇష్టం" అని నిమ్మచెట్ల వైపు వెళ్ళింది.

నేను పడకకుర్చీలో ఉన్నాను. చలికాలపు ఎండ కనురెప్పల మీద పడుతోంది. చలికాలంలో అంత మెత్తటి ఎండ నేనెప్పుడూ కాగలేదు. స్నానం అయ్యాక పోద్దాం, టీ తాగాక పోద్దాం అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. వంటగది కిటికీలోంచి భాయ్ కేకేశాడు. బావకు బావమరిదిని కాబట్టి ఆయనకు నేను సాలేసాబ్‌ని.

"సాలేసాబ్! బియ్యం యాడున్నయి?"

కళ్ళు తెరవకుండానే జవాబిచ్చాను. "గట్టు కిందున్నయి భాయ్, సంచిల."

అంతే. నా నోటితో నేనే చెప్పాను. ఇంకెవరినీ అనడానికి లేదు.

భాయ్ దేగ్చా మూతకు పిండి పెట్టి, దమ్ము మీద ఉంచి, పక్క ఊరి మసీదులో జుమ్మా నమాజుకు వెళ్ళి వచ్చాడు. చెట్ల కింద చాప పరిచాం. మూత తీస్తే తోటంతా ఘుమఘుమలాడింది. పసుపుపచ్చటి అన్నం, మధ్యలో మాంసం ముక్కలు, పైన పుదీనా. "తహరీ!" అన్నాడు భాయ్, కొడుకును చూపించినంత గర్వంగా. అందరికీ వడ్డించాడు. నాకు ఆకలి దంచేస్తోంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆహా అన్నాను కూడా.

అక్క కూడా ఒక ముద్ద పెట్టుకుంది. నమలడం ఆపింది. పళ్ళెంలో నాలుగు మెతుకులు వేళ్ళతో నలిపి చూసింది.

"ఇవి ఈడి బియ్యం గావు" అంది.

భాయ్ వడ్డించే గరిటె ఆపాడు.

"ఇవి మన బియ్యం. మన ఇంటి బియ్యం. యాడియి?"

మా ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చటుక్కున లేచి వంటగదిలోకి పరుగెత్తింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఖాళీ గుడ్డసంచి వేలాడుతోంది. కుట్టిన దారం పక్కకు లాగి ఉంది. సంచికి అంటిన పసుపు చూసి అక్కకు అంతా తెలిసిపోయింది.

"ఒడిబియ్యమా?" అంది నాతో. ఏడేళ్ళ తర్వాత సూటిగా నా మొహంలోకి చూసింది.

"అవునక్కా. నీ కోసమే తెచ్చిన. పొద్దున పోద్దామని..."

అక్క లేచి, చేయి కడుక్కుని, గోడ దాకా నడిచిపోయి అటు తిరిగి నిలబడింది. భాయ్ తల పట్టుకున్నాడు. "యా అల్లా, నాకేం తెల్వదు. పసుపు, నెయ్యి ముందే కలిపున్నయి. తహరీకే కొలిచి తయారు జేసి పెట్టిండ్రనుకొని అన్ని ఏసిన" అన్నాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లలిద్దరూ ఏం జరిగిందో తెలియక బిక్కమొహాలు వేశారు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

నేను అక్క దగ్గరికి వెళ్ళాను. పాతికేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక్క మాటే దొరికింది.

"తప్పయిందక్కా" అన్నాను.

"ఏది తప్పు? ఇయ్యాలదా, అప్పటిదా?"

"రెండూ."

అక్క గిర్రున తిరిగింది. "ఆ నలభై రోజులు రోజు పొద్దుగాల తానం జేసి, కొత్త జాకెట్టు ఏసుకొని కూసున్ననురా నేను. మా అత్త అడిగేది, మీ తమ్ముడు ఇయ్యాలస్తడా అని. రేపస్తడు అనేదాన్ని. ఎన్ని రేపులు జెప్పిన్నో నాకే యాదిలేదు. తోటికోడండ్ల ముందల తల కొట్టేసినట్టయింది. ఆఖరికి ఖాళీ ఒడితోని ఇమానమెక్కిన. అమ్మ వొయినంక నాకు ఇల్లు లేదనుకున్న. నువ్వేమో డబ్బ వట్టుకొని అచ్చినవ్. మైసూర్‌పాక్!"

ఆ డబ్బా ఆమెకు ఇంత గుర్తుందని నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి తెచ్చినోనివి వచ్చిన్నాడే ఎందుకు జెప్పలే?"

"నువ్వద్దంటవని భయమైందక్కా."

"అద్దంటుండె. తప్పకుంట అద్దంటుండె. అద్దన్నా పొయ్యాలె! నువ్వు తమ్మునివి గాదారా?"

నేను ఏడ్చాను. ఇందులో దాచుకునేదేముంది, నలభై ఆరేళ్ళ మగవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క "సాలు, పిల్లలు జూస్తున్నరు, ముక్కు తుడుసుకో" అంది.

తిరిగి వచ్చి చాప మీద కూర్చుంది. భాయ్ రెండు చేతులూ జోడించబోతే ఆపింది. "నీ తప్పేం లేదు భాయ్. చెప్పినోనికి బుద్ధుండాలె" అంది. పళ్ళెం దగ్గరికి లాక్కుంది. "పుట్టింటి బియ్యం. ఒక్క మెతుకు కింద వడద్దు. తినుండ్రి."

తిన్నాం. అక్క మూడుసార్లు వడ్డించుకుంది. అంత రుచైన అన్నం నేను తినలేదనాలో, రుచే తెలియలేదనాలో ఇప్పటికీ తేల్చుకోలేను.

పళ్ళాలు తీశాక అక్క చెంగు దులుపుకుని "ఊఁ, ఇగ పొయ్యుండ్రి" అంది.

"బియ్యం అయిపోయినయి గదక్కా" అన్నాను.

"కోల్డ్ స్టోర్‌వి లేవా? మీ చేతులున్నయి గద. లేకుంటె అవి గూడ మేస్త్రీకి ఇచ్చి వచ్చినవా?"

మా ఆవిడకు ఏనుగంత బలం వచ్చింది. బాస్మతి బేసిన్‌లో పోసి పసుపూ నెయ్యీ పట్టించింది. గుడ్డసంచిని తిరగేసి దులిపింది. కుట్లలో ఇరుక్కున్న మా ఇంటి గింజలు గుప్పెడైనా రాలేదు, వాటినే బాస్మతిలో కలిపింది. పీట లేదు. కుర్చీ మీది దిండు తీసి ఖర్జూరపు చెట్టు కింద వేశాం. అక్క నేను తెచ్చిన చీర కట్టుకుని, ఒడిలో తువ్వాలు పరుచుకుని, బావ పక్కన కూర్చుంది. మేము దోసిళ్ళతో పోశాం. కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు పెట్టాం. పోసేటప్పుడు నా దోసిట్లోంచి సగం గింజలు నేల మీద పడ్డాయి. "సక్కగ పొయ్యి" అని కసిరింది.

తర్వాత దూరంగా నిలబడ్డ భాయ్‌ను పిలిచింది. "నువ్వు గూడ పొయ్యి భాయ్."

"నేనా భాభీ? మీ రివాజు..."

"పన్నెండేండ్లు ఈయనకు వండి పెట్టినవ్. నాకు పెద్దన్నవు గాదా? రా."

భాయ్ పోయి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, బిస్మిల్లా అనుకుంటూ పోశాడు. నాకంటే చక్కగా పోశాడు, ఒక్క గింజ కింద పడలేదు.

ఇందులో చివరి పని ఒకటి ఉంటుంది. ఒడి నిండాక ఆడపిల్ల అందులోంచి ఐదు పిడికిళ్ళు తీసి పుట్టింటివాళ్ళకు తిరిగి ఇస్తుంది. పుట్టిల్లు చల్లగా ఉండాలని దీవించి ఇచ్చే బియ్యం అది. పోసేది మనమే అయినా, ఇవ్వాలా వద్దా అనేది ఆమె ఇష్టం. అక్క ఒడి ముడి వేసుకుంది, లేచింది, లోపలికి వెళ్ళిపోయింది. ఇవ్వలేదు. మా ఆవిడ నా మొహం చూసింది, నేను చెట్టు మొహం చూశాను. అది అడిగి తీసుకునేది కాదు.

మిగిలిన రోజులు హాయిగానే గడిచాయి. అక్క నన్ను నోరారా తిట్టింది, ఫోన్‌లో తిట్టని ఏడేళ్ళవీ కలిపి. సల్మానియా ఇంటికి వచ్చాక ఒడిబియ్యం వండి ఆసుపత్రి స్నేహితురాళ్ళనూ భాయ్‌నూ పిలిచి పెట్టింది. "మా తమ్ముడు తెచ్చిండు" అని అందరికీ చెప్పింది. నేను మాత్రం వంటింట్లో ఒడిబియ్యం పోసిన డబ్బా వైపు దొంగచూపులు చూస్తూనే ఉన్నాను, ఇంకా బియ్యం మిగిలాయా లేదా అని. మాట కలిసింది కదా, ఇంకేం కావాలి అని నాకు నేను చెప్పుకున్నాను. మనసు వినలేదు.

బయలుదేరే రోజు పెట్టెలు కడుతుంటే అక్క ఆ డబ్బా పట్టుకుని వచ్చి మా ఆవిడ ముందు కూర్చుంది. "కొంగు వట్టు" అంది. ఒక పిడికిలి పోసింది. రెండు. మూడు. నాలుగు. ఐదో పిడికిలి నిండుగా తీసింది, కొంగు మీదికి తెచ్చింది, ఆపింది. మళ్ళీ డబ్బాలోనే వేసి మూత బిగించింది.

"ఇది ఈడనే ఉంటది" అంది మా ఆవిడతో. "కావాలంటె మీ ఆయన్ని మల్లచ్చి, పోసి, తీస్కపొమ్మను."

ఆనవాయితీ లెక్కలు పక్కన పెట్టి ఇప్పటికి ఇంకా రెండుసార్లు వెళ్ళి పోసి వచ్చాను. రెండుసార్లూ నాలుగే ఇచ్చింది.